హిమాలయన్ కొనే ముందు మెడ పట్టుకుని చూడు

అమ్మాయ్,

పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మోటార్‌సైకిల్ చూస్తున్నానన్నావు. బండి మంచిదే. ఎత్తు గురించి బెంగ వద్దు, సీటు 800 మి.మీ. మాత్రమే. బరువు మాత్రం తక్కువేం కాదు, బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండి 199 కిలోలు. కొనే ముందు ఓసారి సెంటర్ స్టాండ్ వేసి తీసి చూసుకో.

ముందు ఏ సంవత్సరానిదో అడుగు. 2016లో వచ్చినవి కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే పాత పద్ధతి) బండ్లు. వాటి మీద అప్పట్లోనే ఫిర్యాదులు ఎక్కువ, ధర ఎంత తగ్గించినా వదిలెయ్. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్, 2018లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది) వచ్చాయి. 2020 నుంచి బీఎస్6, అందులో వెనక ఏబీఎస్ ఆపుకోవచ్చు కూడా. మట్టిదారిలో అది పనికొస్తుంది. నీ డబ్బు 2020కి అందితే అదే తీసుకో.

వెళ్లేది పొద్దున్నే వెళ్లు. నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే చల్లటి ఇంజిన్ చేసే చప్పుడేదో నీకు వినపడకూడదనుకున్నారన్నమాట. సన్నటి టిక్ టిక్ ట్యాపెట్లది (ఇంజిన్ వాల్వుల దగ్గరి ఖాళీ), సర్దితే పోతుంది. వేడెక్కాక కూడా లోపల గరగరమన్నా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చినా వెనక్కి వచ్చెయ్.

ఇక అసలు సంగతి. అందరూ మీటరు చూస్తారు, నువ్వు మెడ చూడు, అంటే ఛాసిస్ ముందు భాగంలో హ్యాండిల్ తిరిగే చోటు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా నొక్కమను, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పు. సరిగ్గా నిటారుగా ఉన్నచోట టక్కున ఆగినట్టుంటే కోన్ సెట్ (మెడలో ఉండే బేరింగులు) పోయింది. గుంతల్లో దెబ్బ తగిలేటప్పుడు హ్యాండిల్ ఎక్కువగా నిటారుగానే ఉంటుంది, అందుకే బాల్స్ అక్కడే గాడి పెడతాయి. తర్వాత ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) కింది చివరలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. కటకటమంటే వదులైంది. ఉత్త వదులైతే బిగిస్తే చాలు, గాడి పడితే మార్చాల్సిందే.

అలాగే టార్చి వేసి ట్యాంకు కింద మెడ దగ్గరి వెల్డింగులు చూడు. పెయింటు సన్నగా చీలి తుప్పు గీత కనపడితే ఛాసిస్ పగులు కావచ్చు. ఆ ఒక్కచోటే కొత్త పెయింటు ఉంటే ఇంకా అనుమానించాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు తగిలే స్టాపర్ నొక్కుకుపోయి ఉంటే బండి గట్టిగా పడిందన్నమాట. గార్డులు మార్చి గీతలు దాచగలరు, దీన్ని దాచడం కష్టం.

ఛాసిస్ నంబరు కొట్టి ఉండేదీ ఆ మెడ మీదే. ఆర్సీలో ఉన్నదానితో అంకె అంకె సరిచూడు.

మిగతావి త్వరగా అయిపోతాయి. వెనక గ్రాబ్ రెయిల్ పట్టి పైకి లాగు, సస్పెన్షన్ కదలకముందే ఖాళీ ఆట తెలిస్తే లింకేజీ (వెనక సస్పెన్షన్‌ని చక్రంతో కలిపే కీళ్లు) బేరింగులు ఎండిపోయాయి. చక్రాల చువ్వల్ని స్పానర్‌తో తట్టుకుంటూ పో, మొద్దుగా పలికేది వదులైంది. టైరు మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. బాష్ ప్లేటు (ఇంజిన్ కింద రక్షణగా ఉండే రేకు) మీద సొట్టలుంటే తప్పు కాదు, దాని వెనక డ్రెయిన్ బోల్టు దగ్గర ఆయిల్ తడి ఉంటేనే తప్పు. తాళం తిప్పగానే ఇంజిన్ లైటు, ఏబీఎస్ లైటు వెలగాలి. ఇంజిన్ లైటు స్టార్ట్ అవగానే, ఏబీఎస్ లైటు బండి కదిలాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో తీసేసి ఉంటారు.

నడిపేటప్పుడు ఐదో గేరులో 50 మీద ఉండి ఒక్కసారి రేజ్ చెయ్. చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి.

కాగితాల్లో ఫారం 29, 30 (బండి పేరు మార్పు కాగితాలు) నీ కళ్లముందే సంతకం చేయించు. లోను ఉంటే ఫారం 35 (లోను తీరిపోయిందన్న కాగితం), బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకు. కర్ణాటక బండి చవకగా కనపడుతుంది గానీ ఫారం 28 ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. అది కలిపి లెక్కేసుకో. చలానాలు ఆన్‌లైన్‌లో చూసి, అమ్మేవాళ్ల చేతే కట్టించు. ఇన్సూరెన్సు 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు.

బండి ఇంటికొచ్చాక ముందు ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు, బ్రేక్ ఆయిలు మార్పించి, లింకేజీకి గ్రీజు పెట్టించు. ట్యూబు టైర్లు గనక 21 అంగుళాల ముందు ట్యూబు ఒకటి దగ్గరుంచుకో, దారిలో పంక్చర్ షాపుల్లో ఆ సైజు దొరకదు.

మీ మావయ్య