ఐదో నెలలో బీచ్ రోడ్డు మీద పరుగు: నాకు ఎదురైన మాటలు

మీకు నాలుగో నెల. మూడేళ్ళుగా పొద్దున్నే పరిగెత్తే అలవాటు ఉంది, డాక్టరు వద్దనలేదు. కానీ వైజాగ్‌లో జనం చూపులకీ మాటలకీ గడప దాటాలంటేనే టెన్షన్‌గా ఉందన్నారు. ఎవరైనా ఈ దశ దాటారా అని అడిగారు. 2022లో నేను దాటాను. ఏడో నెల సగం దాకా పరిగెత్తాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. అది నా రెండో కడుపు. మొదటిది అంతకు నాలుగేళ్ళ ముందు, తొమ్మిదో వారంలో పోయింది. అప్పటికి నాకు పరుగు అలవాటే లేదు. అత్తయ్య చెప్పినట్టే బిందె ఎత్తలేదు, మెట్లు ఎక్కలేదు, బొప్పాయి ముక్క ముట్టలేదు. అయినా పోయాక చుట్టాలు కారణం వెతికారు. "ఆ రోజు స్కూటీ ఎక్కింది కదా!" ఎక్కిన మాట నిజమే, స్కానింగ్‌కి వెళ్ళడానికి. తొలి మూడు నెలల్లో పోయే కడుపుల్లో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయనీ, నేను చేసిన తప్పేమీ లేదనీ డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఆ మాట నా ఒక్కదానికే వినిపించింది. స్కూటీ కథ మాత్రం పెందుర్తి దాకా వెళ్ళింది. ఇంట్లో కూర్చోలేక ఆ మరుసటేడు పరుగు మొదలుపెట్టాను.

అందుకే రెండోసారి భయం పరుగు గురించి కాదు. ఏదైనా జరిగితే వేలు ఎటు చూపిస్తారో నాకు ముందే తెలుసు. మీ టెన్షన్ కూడా సగం ఇదేనని నా అనుమానం.

డాక్టరమ్మ నా రిపోర్టులన్నీ చూసి, మాయ (ప్లాసెంటా) కిందికి లేదు, గర్భసంచి ముఖద్వారం గట్టిగానే ఉంది, బీపీ మామూలుగా ఉంది కాబట్టి అలవాటైన పరుగు కొనసాగించవచ్చు, వేగం తగ్గించమంది. పరిగెడుతూ పక్క మనిషితో మాట్లాడగలగాలి, ఆయాసంతో మాట తెగితే నడవాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా అక్కడితో ఆపి ఆసుపత్రికి రావాలి. అలవాటు లేనివాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా పరుగు మొదలుపెట్టకూడదు, వాళ్ళకి నడక చాలు అంది. మా జిమ్ ట్రైనరేమో గుండె వేగం నిమిషానికి 140 దాటకూడదని బెదిరించాడు. అది 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం పెట్టిన హద్దనీ, 1994లో వాళ్ళే తీసేశారనీ తర్వాత తెలిసింది. ఇప్పుడు వాళ్ళూ, ప్రపంచ ఆరోగ్య సంస్థా చెప్పేది, ఇబ్బందులేవీ లేనివాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయమనే. మీ రిపోర్టుల సంగతి మీ డాక్టరుకే తెలుస్తుంది, నన్ను చూసి వెళ్ళకండి.

ఇక జనం. నేను కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ దాటి వెనక్కి వచ్చేదాన్ని. తెల్లవారుజామున అటు బండ్లు రానివ్వరు కాబట్టి మనుషులే ఉంటారు. కడుపు కనిపించనంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. ఐదో నెలలో టీషర్టు బిగుతైన రోజు నుంచీ నేను ఊరందరి కోడలినైపోయాను. ఒక పెద్దాయన పక్కనే నడుస్తూ వచ్చి "ఒట్టి మనిషివి కాదు కదమ్మా" అన్నాడు. పాపం, ఆయన గొంతులో కోపం లేదు. ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం నాకు వినిపించేలా "మొగుడేం చేస్తున్నాడో" అనుకున్నారు. మొగుడు యాభై గజాల వెనక రొప్పుతూ వస్తున్నాడు.

ఇంట్లో వాదన ఇంకా చిత్రంగా నడిచింది. అత్తయ్య మా ఆడపడుచు కడుపులో ఉన్నప్పుడు, అదీ ఐదో నెలే, సింహాచలం గిరిప్రదక్షిణ చేసింది. 32 కిలోమీటర్లు, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆషాఢం వానలో, చెప్పుల్లేకుండా, రాత్రంతా. ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటుంది కూడా. నేను అరగంట పరిగెత్తడానికేమో ఒప్పుకోదు. ఇదేమిటని అడిగితే "అది అప్పన్న చూసుకుంటాడు, ఇది ఎవరు చూసుకుంటారు?" అంది. ఆ ఏడాదే చెన్నై చెస్ ఒలింపియాడ్‌లో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెలలో ఆడి, జట్టుతో కలిసి కాంస్యం గెలిచింది. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరూ ఆ ఫొటో పెట్టి దండాలు పెట్టారు, నన్ను తిట్టిన మామయ్యతో సహా. "ఆమె కూర్చుని ఆడుతుంది, అదీ దేశం కోసం" అన్నాడాయన. 2014లో అలీసియా మొంటానో ఎనిమిదో నెల కడుపుతో అమెరికా జాతీయ పోటీల్లో 800 మీటర్లు పరిగెత్తి ఆఖర్న వస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని నేను చెప్పబోయాను. "అది అమెరికా" అన్నాడు. దేవుడి కోసమైతే సరే, దేశం కోసమైతే సరే. నాకు బాగుంటుంది కాబట్టి పరిగెడుతున్నానంటే మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు.

మీకు చాలామంది ఒక సలహా ఇస్తారు: "మన అమ్మమ్మలు నెలలు నిండేదాకా నాట్లు వేయలేదా" అని ఎదురు అడగమని. నేనూ అదే వాడేదాన్ని, జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ నోరు మూయించేదాకా. ఒక రోజు లాసన్స్ బే దగ్గర ఆగి నీళ్ళు తాగుతుంటే "ఏటమ్మా, ఎవులు తరుముతున్నారు?" అని నవ్వింది. నేను తెలివిగా, "మీరు తొమ్మిదో నెల దాకా గంప మోయలేదా?" అన్నాను. "మోసినాను. మొయ్యకపోతే పొయ్యి ఎలగదు. ఇద్దరు దక్కలేదు. గంప వల్లో, నా రాత వల్లో ఎవులికి తెలుసు?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్ళీ, "మరి నీకేటి అవసరం?" అంది. తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. "పరిగెడితే మనసుకి బాగుంటుంది" అన్నాను. "అయితే సరే" అని గంప ఎత్తించుకుని వెళ్ళిపోయింది. అన్ని నెలల్లో బయటివాళ్ళలో నేను నిజం చెప్పింది ఆవిడ ఒక్కదానికే.

మిగతా అందరికీ "డాక్టరు గారు పరిగెత్తమన్నారండీ" అని చెప్పేదాన్ని. డాక్టరు పరిగెత్తవచ్చు అంది గానీ పరిగెత్తమనలేదు. ఆ చిన్న అబద్ధం మంత్రంలా పనిచేసింది, పెద్దాయనతో సహా అందరూ తలూపి పక్కకి తప్పుకున్నారు. నా కాళ్ళకి ఇంకొకరి అనుమతి చీటీ చూపించాల్సి రావడం నాకు నచ్చలేదు. అయినా వాడాను, మీరూ వాడండి. రోజూ పొద్దున్నే ఊరికి పాఠం చెప్పే ఓపిక ఎవరికుంటుంది.

ఏడో నెలలో అత్తయ్య నాతో రావడం మొదలుపెట్టింది. మనసు మారి కాదు, కాపలాకి. సబ్‌మెరైన్ ఎదురు బెంచీ మీద కూర్చుని, ఎవరైనా నన్ను చూసి నొసలు ముడిస్తే "చెప్తే వినదండీ" అని వాళ్ళతో కలిసి నిట్టూర్చేది. నా నీళ్ళ సీసా మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. ఇరవై తొమ్మిదో వారం తర్వాత పొత్తికడుపు మీద బరువు, నాలుగడుగులకోసారి బాత్రూమ్. పరుగు నేనే ఆపేసి నడకకి మారాను. ఎవరో అన్నారని ఆపలేదు. జనవరిలో పాప పుట్టింది, మూడు కిలోలకి కాస్త తక్కువ.

ఇంకొకటి, వాన పడిన రోజు ఫుట్‌పాత్ టైల్స్ మీద పరిగెత్తకండి. కడుపు పెరిగేకొద్దీ మనిషి తూకం ముందుకి జరుగుతుంది, కీళ్ళు కూడా వదులవుతాయి. నేను ఒకసారి జారి రెయిలింగ్ పట్టుకుని ఆగాను. ఈ సంగతి ఇప్పటికీ అత్తయ్యకి తెలియదు.