డిజైన్ ఉద్యోగంలో చేరకముందే పని వాతావరణాన్ని పసిగట్టడం

మూడు సంస్థలు మారినా ప్రతిచోటా ఆఖరి నిమిషపు మార్పులే ఎదురయ్యాయంటే, మీరు ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో (మీ పాత పనుల నమూనాలు) చూపించడంతోనే సరిపెట్టుకుని, డిజైన్‌పై తుది మాట ఎవరిదో అడగకపోవడమే కారణమై ఉంటుంది.

1. పాత ఉద్యోగాల్లో మిమ్మల్ని నిజంగా బాధించిన రెండు మూడు విషయాలను కాగితం మీద రాసుకోండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: ఆ విషయాల గురించి ఇంటర్వ్యూలో సూటిగా అడగడం. "మీ దగ్గర వాతావరణం ఎలా ఉంటుంది?" అని అడిగితే ఎవరైనా బాగుంటుందనే చెబుతారు. దానికి బదులు, ఇటీవల విడుదల చేసిన యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఒక్క స్క్రీన్‌ను చూపించమని, అది మొదటి స్కెచ్ నుంచి ఎన్నిసార్లు మారిందో, ఆ మార్పులు ఎవరు కోరారో, వాడుకరుల చేత ఎప్పుడు పరీక్షింపజేశారో వివరించమని అడగండి. జవాబులో వాడుకరి ఊసే లేకుండా "పైవాళ్లకు ఆ బటన్ రంగు నచ్చలేదు" వంటి మాటలే వినిపిస్తే, మీ పాత ఇబ్బంది అక్కడా ఉన్నట్టే. ఇదే ప్రశ్నను మేనేజరునూ, జట్టులోని ఒక డిజైనరునూ విడివిడిగా అడగండి. ఇద్దరి మాటలూ పొసగకపోతే నేనైతే అక్కడ చేరను.

3. పరీక్షగా ఏదైనా పని ఇస్తే, దానికి ఎన్ని గంటలు పడుతుందో, ఆ పనిని తమ ఉత్పత్తిలో వాడుకుంటారేమో ముందే తేల్చుకోండి.

4. ఆఫర్ వచ్చాక, సంతకం చేసే ముందు, జట్టు డిజైన్ సమీక్షలో ఒక అరగంట కూర్చోనివ్వమని కోరండి.