మూడు సీట్ల మేయర్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. దక్షిణాఫ్రికాలోని అల్ జమాఅ పార్టీ గురించి తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు చాలా నచ్చింది. కానీ మొదటి వాక్యమే ‘ఇస్లామిక్ పార్టీ గుప్పిట్లో జొహానెస్‌బర్గ్’ అని రాశావు. అది చదివి బాధపడ్డాను. ఆ మాట వల్ల లేనిపోని భయం పుడుతుంది, అసలు కథ మరుగున పడుతుంది.

లెక్క చూడు. 270 మంది ఉన్న ఆ నగర కౌన్సిల్‌లో 2021 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది 3 సీట్లు. అయినా 2023 జనవరిలో ఆ పార్టీకి చెందిన థపెలో అమద్ మేయరయ్యాడు. ఆయన రాజీనామా చేశాక మేలో అదే పార్టీకి చెందిన కబెలో గ్వామాండా వచ్చాడు. వాళ్లను నిలబెట్టింది మండేలా పార్టీ ఏఎన్‌సీ, వామపక్ష ఈఎఫ్‌ఎఫ్ లాంటి పెద్ద పార్టీల ఓట్లు. ఆ బేరం ఎలా కుదిరిందో రాయి, పాఠకుడు కదలకుండా చదువుతాడు.

పార్లమెంటు సంగతీ అంతే. గనీఫ్ హెండ్రిక్స్ 2007లో పెట్టిన ఈ పార్టీకి 2019లో దేశం మొత్తం మీద 31,468 ఓట్లు వచ్చాయి. దాంతోనే ఒక సీటు దక్కింది. అక్కడ ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు పంచుతారు, ఇంత శాతం రావాలన్న షరతు లేదు. మన దగ్గర ఆ ముప్పై వేల చిల్లర ఓట్లు రాష్ట్రమంతా చెదిరి పడితే డిపాజిట్ కూడా మిగలదు. ఈ తేడా చెప్పకపోతే మనవాళ్లకు ఆ గెలుపు అర్థం కాదు.

ఇక మనుషులు. నీ వ్యాసంలో ఒక్క ఓటరూ లేడు. కేప్‌టౌన్‌లోని బో-కాప్ వాడలో 1794 నాటి అవ్వల్ మసీదు ఉంది. డచ్చివాళ్లు బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల వారసులు ఆ చుట్టుపక్కల బతికారు. నిఖా చేసుకుని ఏళ్లపాటు కాపురం చేసిన ఆడమనిషికి, ఆ పెళ్లిని దేశ చట్టం గుర్తించకపోతే, విడిపోయిన రోజున చేతిలో ఏం మిగులుతుంది? 2022 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ లోపాన్ని సరిదిద్దమని తీర్పు చెప్పింది. ఆ కేసు నడిపింది ఈ పార్టీ కాదు, స్త్రీల కోసం పనిచేసే ఒక న్యాయ సంస్థ. ఆ ఘనత ఎవరిదో వాళ్లకే ఇవ్వు.

1860లో మద్రాసు నుంచి డర్బన్ వెళ్లిన కూలీల పేరా తీసెయ్. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు, నిజమే. అది ఇంకో వ్యాసం, తప్పకుండా రాయాలి కూడా.

ఇది మాత్రం ఆ ఆడమనిషి పెళ్లితో మొదలుపెట్టి పంపు. మేయర్లు రెండో పేజీలో రావచ్చు.