ఆ ఆల్టోకి అడ్వాన్స్ ఇచ్చే ముందు

చంటీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2016 ఆల్టో 800, ఒకటే ఓనరు, బాగా మెరుస్తోంది. మెరుపు చూసి అడ్వాన్స్ ఇచ్చెయ్యకు నాన్నా, పాలిష్ ఎవరైనా కొట్టిస్తారు.

ఆ 796 సీసీ ఇంజన్ మొండిది, స్పేర్లు చవక, ఏ మెకానిక్ అయినా చేస్తాడు. చిక్కల్లా ఇన్నాళ్ళూ వాడినవాళ్ళు దాన్ని ఎలా చూసుకున్నారన్న దగ్గరే. దీనికి ఉండేది టైమింగ్ బెల్ట్, అంటే ఇంజన్ లోపలి భాగాల్ని ఒక లెక్కలో తిప్పే రబ్బరు పట్టీ, ఆల్టో కె10కి ఉన్నట్టు చెయిన్ కాదు, కాబట్టి లక్ష కిలోమీటర్లకి దగ్గరపడిన బండైతే బెల్ట్ మార్చిన బిల్లు అడుగు, లేదంటే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమను.

నేను మొదట కొన్న చిన్న కారులో పాత ఓనరు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) బదులు కుళాయి నీళ్ళు పోసి నడిపాడు. అది చూడాలని నాకు తెలియదు. మే నెల ఎండలో హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి లేచి బండి ఆగిపోయింది. ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయింది. మీ పిన్ని చంటిపిల్లాడిని ఎత్తుకుని రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడింది, అది ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడు, లోపల తుప్పు రంగు నీళ్ళుంటే ఆ బండి వద్దు. ఆయిల్ పోసే మూత వెనక మీగడలా తెల్లటి జిడ్డు పట్టి ఉన్నా ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానించాల్సిందే.

మన విజయవాడలో ఇంకో భయం ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో నువ్వూ చూశావు. సీట్ బెల్ట్‌ని ఆఖరిదాకా బయటికి లాగు, పైన ఎంత కడిగినా లోపలి చివర బురద మరక ఉండిపోతుంది. స్టెప్నీ తీసి ఆ గుంటలో, సీటు కింద పట్టాల మీద తుప్పుందేమో టార్చ్ వేసి చూడు. మునిగిన బండికి వైరింగ్ ఒక్కొక్కటిగా చచ్చిపోతూ ఉంటుంది, ఎంత చవకైనా తీసుకోవద్దు.

గతుకుల్లో టక్ టక్ చప్పుడు, క్లచ్ బరువు, ఇవి బేరానికి పనికొచ్చేవే, బాగుచేయించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ మాత్రం చూడు. 2014లో కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఎయిర్‌బ్యాగ్ లేని ఆల్టో 800కి పెద్దవాళ్ళ భద్రతలో ఒక్క స్టార్ కూడా రాలేదు. రేపు ఇంట్లోకి పిల్లలొస్తారు, ఎయిర్‌బ్యాగ్ ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా ఇచ్చెయ్యి.

ఆర్సీలో ఫైనాన్స్, అంటే బండి మీద లోను, ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలోంచి ఆ లోను తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకు. బండి నీ పేరు మీదికి మార్చే 29, 30 ఫారాల మీద ఓనరు సంతకాలు నీ ఎదురుగానే పెట్టించు, చలాన్లు ఆయనచేతే కట్టించు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి నేనూ వస్తాను. ఇంజన్ చల్లగా ఉండగానే చూడాలి, కాబట్టి మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఆయనకి శనివారం రాత్రే ఫోన్ చేసి చెప్పు.

బాబాయ్