మోచేత్తో నొక్కించుకోవాలా, కాలితో తొయ్యాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మెడికల్ రిప్రజెంటేటివ్‌ని, రోజంతా బండి మీదే. నాలుగు నెలలుగా కుడి పిరుదు లోపల ఒకటే సలుపు, కాసేపు కూర్చుంటే తొడ వెనక నుంచి పిక్క దాకా లాగేస్తుంది. ఎమ్మారై తీశారు, నడుములో డిస్కులు బాగానే ఉన్నాయన్నారు. మొదట వెళ్లిన ఫిజియో మోచేత్తో గట్టిగా నొక్కేవారు. ఆ రాత్రి హాయిగా ఉండేది, తెల్లారితే మంట. ఇప్పుడు వెళ్తున్నాయన అసలు నొక్కరు, నా కాలు మడిచి పట్టుకుని ‘నన్ను మెల్లగా తొయ్యండి’ అంటారు. డబ్బులిచ్చి ఆడుకుంటున్నట్టుంది. ఏది మంచిదండీ? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ విషయంలో నా ఓటు ఆ ఆటకే. అంతకంటే ముందు ఆ పర్సు వెనక జేబులోంచి తీసెయ్యండి. ఉందని మీరు రాయలేదు, కానీ బండి మీద తిరిగే మగవాళ్లలో పది మందికి ఎనిమిది మంది దాని మీదే కూర్చుంటారని నా అనుభవం.

పిరుదులో పైకి కనిపించే పెద్ద కండరం అడుగున, వెన్ను చివరి ఎముక నుంచి తుంటి పక్కన చేతికి గట్టిగా తగిలే ఎముక దాకా పిరిఫార్మిస్ అనే కండరం అడ్డంగా ఉంటుంది. దాని కిందనుంచే సయాటిక్ నరం కాల్లోకి దిగుతుంది, ఒంట్లో అన్నిటికంటే లావుపాటి నరం అదే. కొందరిలోనైతే కండరం మధ్యలోంచే దూరి వస్తుంది. డిస్కులు బాగున్నాయన్నారు కనుక, ఈ కండరం బిగుసుకుని నరాన్ని ఒత్తడం వల్లే మీకు ఆ సలుపు, లాగుడు వస్తుండొచ్చు. కాబట్టి అక్కడ మోచెయ్యి ఆనిస్తే బరువు కండరం మీదే పడుతుందన్న గ్యారంటీ లేదు, నరం కూడా నలుగుతుంది. మీ మర్నాటి మంటకు కారణం అదే అయ్యుండొచ్చు.

నొక్కడం తప్పని కాదు. బొటనవేలితో నెమ్మదిగా దిగి, ఓ నిమిషం కదలకుండా ఆగితే, ఆ వేలి కిందే నొప్పి కరిగిపోతున్నట్టు తెలియాలి. కాల్లోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే చెప్పండి, పళ్లు బిగబట్టి ఓర్చుకోవద్దు. ఎంత నొప్పెడితే అంత పనిచేసినట్టు అనే నమ్మకం మనవాళ్లకి ఎక్కడినుంచి వచ్చిందో కానీ, నరాల దగ్గర అది అస్సలు పనికిరాదు.

ఇక ఆ తొయ్యడం. మోకాలు మడిచి ఎదుటి భుజం వైపు తెచ్చి, ఇక సాగదు అన్నచోట ఆపుతారు. మీరు మీ బలంలో అయిదో వంతుతో ఏడెనిమిది సెకన్లు తోసి వదిలెయ్యాలి, వదిలాక కాలు ఇంకాస్త లోపలికి వస్తుంది. అలా నాలుగైదుసార్లు. కండరం తనంతట తానే సడలుతుంది, పైనుంచి నరం మీద బరువు పడదు. అలాగని ఈ పద్ధతి ఆ పద్ధతిని ఓడించిందని చెప్పేంత గట్టి రుజువేమీ లేదు. దేనితో వచ్చిన హాయి అయినా తుంటి కండరాలకు బలం పెంచే వ్యాయామం తోడు లేకపోతే నిలవదు.

కాలు లాగడం తగ్గడానికి ఇంకో వ్యాయామం ఉంది. కుర్చీలో కూర్చుని మోకాలు చాపుతూ తల పైకెత్తండి, మడుస్తూ తల దించండి, పదిసార్లు. నరాన్ని సాగదీయడం కాదు, అటూ ఇటూ జరపడమే. తిమ్మిరి పెరిగితే ఆపెయ్యండి.

పాదం పైకి లేవకపోయినా, మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ఇవన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో రెండు వారాలు ఇప్పుడున్నాయన దగ్గరే చేయించుకోండి. బల్ల దిగగానే ఎలా ఉందో లెక్క వద్దు, మర్నాడు పొద్దున బండి ఎక్కిన ఎన్ని నిమిషాలకు పిక్క లాగిందో రాసి పెట్టుకుని ఆయనకు చూపించండి.