ఒకే బైబిల్ స్టడీలో పాతవాళ్లు, కొత్తవాళ్లు: సమాధానం

వందనాలు బ్రదర్. సంఘంలో పెరిగినవాళ్లే జవాబులన్నీ చెప్పేస్తున్నారు, బైబిల్ ఎప్పుడూ తెరవనివాళ్లు రెండో వారానికే మానేస్తున్నారు అన్నారు. చిక్కు వాళ్ల విశ్వాసంలో కాదు, కూటం నడిపే తీరులో ఉంది.

వారంలో ఒక కూటం అందరికీ పెట్టండి: 6 నుంచి 8 మంది, 40 నిమిషాలు. వాక్యభాగం ఒక్క కాగితం మీద ప్రింట్ తీసివ్వండి. మార్కు సువార్త ఎక్కడుందో వెతుక్కోవడంలోనే కొత్తవాళ్లు సగం ముడుచుకుపోతారు. నియమం ఒక్కటే, జవాబు ఆ కాగితంలోంచే రావాలి. మార్కు 2:1-12 తీసుకోండి. పక్షవాయువు గలవాడిని ఇంటి కప్పు విప్పి దింపితే, యేసు అతన్ని బాగుచేయకముందే పాపక్షమాపణ మాట ఎందుకెత్తాడు? శాస్త్రులకు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులకు, ఎక్కడ మండింది? ఇక్కడ ఏ నమ్మకమూ లేనివాడూ పాస్టర్ గారబ్బాయీ సమానమే. వరసపెట్టి అందరిచేతా పైకి ప్రార్థన చేయించకండి. కొత్తవాళ్లు మానేసేది ఎక్కువగా అక్కడే.

ఎదగాలనుకునేవాళ్లను వేరే రోజు ఇద్దరు ముగ్గురిగా కలవండి, కొత్త నిబంధనలోని పత్రికలు, అంటే సంఘాలకు రాసిన ఉత్తరాలు, చదివించండి.

అసలు కష్టం మధ్యరకంతో: అన్నీ తెలుసు, ఏదీ పట్టదు. వాళ్లకి ఇంకో ప్రసంగం దండగ. విడిగా కూర్చుని, "ఇంట్లోవాళ్ల బలవంతం లేకపోతే ఇందులో నువ్వు ఏది నమ్ముతావు?" అని అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి.