పాఠకుల ప్రశ్నలు: రాత్రంతా మట్టిదారిలో సైకిల్

ప్రశ్న: నలుగురం కలిసి డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం 2 గంటలకు వికారాబాద్‌లో బయల్దేరి, అనంతగిరి, కోట్‌పల్లి, తాండూరు చుట్టేసి ఆదివారం మధ్యాహ్నం 2 కల్లా వెనక్కి రావాలని పందెం వేసుకున్నాం. మొత్తం 180 కిలోమీటర్లు, ముప్పావు వంతు మట్టిదారే. తారురోడ్డు మీద 200 కి.మీ. బ్రెవె (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) పదమూడున్నర గంటల్లోపే చేశాం. 24 గంటలు ఎక్కువే కదా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: లెక్క కాగితం మీద పెట్టి చూడండి. ఆ రోజుల్లో 5:45కి పొద్దు గూకుతుంది, మళ్లీ 6:35కి గానీ పొడవదు. అంటే మీ 24 గంటల్లో దాదాపు 13 గంటలు చీకటే. సామాను కట్టిన సైకిల్ మట్టిబాట మీద పగలు గంటకు 12 కి.మీ. పోతే, రాత్రి 9 లేదా 10 పోతుంది. నెట్టుకుంటూ నడిచే చోట మూడో నాలుగో. ఈ వేగాలతో పొద్దు గూకేసరికి 42, తెల్లారేసరికి 122, మిగిలిన 58 ఆదివారం. రెండున్నర గంటల నిద్ర, తిండికీ నీళ్లకూ పంక్చర్లకూ కలిపి మూడు గంటలు తీసేస్తే చేతిలో మిగిలేది గంటన్నరకు కాస్త పైన. నెట్టుకుంటూ నడిచే చోట్ల అదీ కరిగిపోతుంది. కాళ్ల బలం కన్నా ఆగిన చోట పోయే సమయమే మిమ్మల్ని ఓడిస్తుంది. నలుగురు వెళ్తే నలుగురూ నాలుగు వేర్వేరు చోట్ల ఆగుతారు. అందుకే గంటన్నరకోసారి, పది నిమిషాలు, అందరూ ఒక్కసారే అని ముందే అనుకోండి.

తెల్లారేసరికి 110 దాటకపోతే పట్టుదలకు పోకుండా తాండూరు–వికారాబాద్ రోడ్డెక్కండి. ఆ రెండు ఊళ్ల మధ్య రైలు మార్గం కూడా ఉంది.

ప్రశ్న: టైర్లను ట్యూబ్‌లెస్ చేయించమంటున్నారు. మామూలు ట్యూబు, రెండు స్పేర్లు సరిపోవా?
– సంగారెడ్డి పాఠకుడు

జవాబు: ఈ నేలమీద సరిపోవు. డిసెంబరుకల్లా పల్లేరు ఎండి, కాయలు బాట మీద రాలి ఉంటాయి. చెలకల గట్లకు తుమ్మ, సర్కారు తుమ్మ కంప వేసి ఉంటుంది. ఒక్క పల్లేరు తీగ మీదుగా పోతే టైరుకు పది ముళ్లు. రెండు ట్యూబులు పది కిలోమీటర్లకే అయిపోవచ్చు.

29 x 2.2 టైరుకు ఒక్కోదానిలో 100 నుంచి 120 మి.లీ. సీలెంట్ (ముల్లు గుచ్చిన చిల్లును పూడ్చే ద్రవం) పోయించండి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో గడ్డకడుతుంది కాబట్టి వేసవిలో పోసింది డిసెంబరులో ఉందని నమ్మొద్దు. వాల్వు కోర్ ఊడదీసి సన్నని పుల్ల ముంచి చూస్తే తెలిసిపోతుంది. గాలి విషయానికొస్తే 75 కిలోల మనిషికి, 8 కిలోల సామానుకు ముందు 22, వెనక 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినపడితే రెండు పెంచండి.

తాండూరు చుట్టుపక్కల మాత్రం ముళ్లకన్నా నాపరాళ్ల గనులతో జాగ్రత్త. గని దారుల్లో పడి ఉండే రాతి పెచ్చులు టైరు పక్కగోడను కత్తిలా చీలుస్తాయి. ఆ చీలికను సీలెంట్ పూడ్చలేదు. లోపలి నుంచి అడ్డుపెట్టడానికి పాత టైరు ముక్క, కుట్టడానికి లావు సూది, నైలాన్ దారం ఉంచుకోండి. చివరికి ట్యూబు వేయక తప్పకపోతే, మొదట టైరు లోపల ఒక గుడ్డ పెట్టి చుట్టూ తిప్పండి. సీలెంట్ పుణ్యమా అని బయటపడకుండా ఉండిపోయిన ముళ్లన్నీ గుడ్డకు తగులుకుంటాయి. ఒక్కొక్కటీ పీకేయండి. ఈ పని మర్చిపోతే కొత్త ట్యూబు పంపు తీసేలోపే పోతుంది.

ఇంకొకటి. మీ వాల్వు సన్నని ప్రెస్టా రకమైతే పల్లె పంక్చరు షాపు పంపు దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది. దాన్ని వాల్వుకే బిగించి ఉంచేయండి.

ప్రశ్న: నాది ముందు మూడు పళ్లచక్రాలున్న పాత ఎంటీబీ (కొండదారి సైకిల్). ముందు ఒకే చక్రం, వెనక 50 పళ్లున్న కొత్త సెట్టుకు మారాలా? సైకిల్‌కు నేరుగా కట్టే బైక్‌ప్యాకింగ్ బ్యాగులు కూడా కొనాలా?
– వరంగల్ పాఠకురాలు

జవాబు: మారక్కర్లేదు. మీ ముందు చిన్న చక్రానికి 22, వెనక పెద్దదానికి 34 పళ్లుంటే నిష్పత్తి 0.65. కొత్త సెట్టులో 32కి 50 వేస్తే 0.64. ఎక్కేటప్పుడు కాలికి తేడా తెలియదు. ఆ డబ్బు టైర్లకూ లైటుకూ పెట్టండి.

బ్యాగుల విషయంలో ఏ బరువు ఎక్కడ అన్నదే అసలు సంగతి. పనిముట్లు, నీళ్లు, తిండి లాంటి బరువులు ఫ్రేమ్ మధ్యలో, పెడల్ ఇరుసుకు దగ్గరగా ఉండాలి. హ్యాండిల్‌కు దుప్పటి, స్వెటర్ లాంటి తేలికవే, రెండు కిలోలు మించకుండా. సీటు వెనక పొడుగు సంచీ నిండా కుక్కకపోతే అది తోకలా ఊగుతుంది. అందుకని అక్కడ మెత్తని బట్టలు బిగుతుగా చుట్టి పెట్టాలి. రబ్బరు పూత ఉన్న నీళ్లు చొరబడని సంచీ, పాత స్కూటర్ ట్యూబు నుంచి రెండంగుళాల వెడల్పున కోసిన పట్టీలు ఉంటే హ్యాండిల్ బ్యాగు పని అయిపోతుంది. హుక్కులున్న సాగే తాళ్లు వద్దు. గతుకుల్లో హుక్కు ఊడి చువ్వల్లో పడుతుంది. కట్టాక సీటు మీద కూర్చుని ఒంటి బరువంతా వేసి చూడండి, సంచీకీ టైరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి.

ప్రశ్న: లైటుకు ఎంత పవర్‌బ్యాంకు కావాలి?
– కర్నూలు పాఠకుడు

జవాబు: 400 ల్యూమెన్ల లైటు సుమారు నాలుగున్నర వాట్లు తింటుందనుకోండి. రాత్రి సైకిల్ కదిలే ఎనిమిదిన్నర గంటలకు 38 వాట్-అవర్లు. లైటు సొంత బ్యాటరీలో 18 ఉంటే ఇంకా 20 కావాలి. తెర ఆపి మ్యాపు నడిపే ఫోనుకు మరో 15. పది వేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు పేరుకు 37 అయినా చేతికొచ్చేది 25 దాకానే. కాబట్టి ఇరవై వేలది తీసుకోండి.

కొన్ని లైట్లు చార్జింగ్‌లో ఉండగా వెలగవు, వెలిగినా మసగ్గా వెలుగుతాయి. ఇంట్లోనే చూసుకోండి. ఇక హ్యాండిల్‌కు ఒకటి, హెల్మెట్‌కు ఒకటి, రెండూ ఉండాలి. కింద నుంచి పడే వెలుగులో బండి గాడికీ రాయికీ నీడ పడుతుంది, లోతు తెలుస్తుంది. హెల్మెట్ లైటు నీడల్ని చెరిపేస్తుంది గానీ మలుపు అవతలకు చూపిస్తుంది. ముందువాడి దుమ్ములో మాత్రం హెల్మెట్ లైటు ఆపేయండి, తెల్లటి గోడలా కమ్ముకుంటుంది.

ప్రశ్న: తిండి, నీళ్లు?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: గంటకు 50 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. రెండు అరటిపళ్లు, లేదా వంద గ్రాముల పల్లీ చిక్కీ. రాత్రికి పులిహోర బ్రహ్మాండం. చింతపండు వల్ల తెల్లారేదాకా పాడవదు, తీపి తిని మొహం మొత్తినప్పుడు పులుపే నోటికి పోతుంది. సున్నుండలు పడుకునే ముందే తినండి. నెయ్యి ఎక్కువ కాబట్టి ఎక్కుడులో కడుపులో రాయిలా కూర్చుంటాయి.

పల్లెల్లో కొట్లు రాత్రి తొమ్మిదికల్లా కట్టేస్తారు, టీ కొట్టు తెరిచేది ఐదింటికి. ఆ మధ్య ఎనిమిది గంటలకు మనిషికి మూడు లీటర్లు ఉండాలి. అందులో ఒక లీటరులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్ఎస్ పూర్తి ప్యాకెట్టు కలపండి. ఉత్త నీళ్లే తెగ తాగితే ఒంట్లో సోడియం పడిపోయి వికారం, తలనొప్పి వస్తాయి. అది దాహమేమోనని ఇంకా తాగుతారు. సీసాకు మూత ఉండాలి. పశువుల బాటల్లో పేడ దుమ్ము సీసా మూతి మీదే పేరుకుంటుంది.

ప్రశ్న: ఎక్కడ పడుకోవాలి? కుక్కలు, పాముల సంగతేంటి?
– అనంతపురం పాఠకుడు

జవాబు: నేల మీద వద్దు. ఊరి బస్ షెల్టరు అరుగు, అడిగి ఒప్పించుకున్న గుడి మండపం, బడి వరండా మేలు. గడ్డివాము పక్కన వెచ్చగా ఉంటుంది గానీ ఎలుకలుంటాయి, వాటికోసం కట్లపామూ వస్తుంది. అది నేలమీద నిద్రపోయేవాళ్లను కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే గాటు కనపడలేదని ఊరుకోకుండా 108కి ఫోన్ చేసి, విషానికి మందున్న ప్రభుత్వాసుపత్రికి పోవాలి. కట్టు బిగించడం, కోయడం చేయొద్దు.

కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డంగా పెట్టుకుని నడవండి. పరుగే వాటికి రెచ్చగొట్టుడు. పన్ను దిగితే సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి.

ఈ రెండింటికన్నా మమ్మల్ని భయపెట్టేది మరొకటి. అడవిపందుల కోసం కొందరు చేలచుట్టూ రాత్రిపూట కరెంటు తీగలు లాగుతారు. చట్టవిరుద్ధమే, అయినా ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మ్యాపులో అడ్డదారి కనపడిందని చీకట్లో చేలోకి దిగొద్దు. బండిబాట దాటి ఒక్క అడుగు కూడా. దారి గీసుకునేటప్పుడే రాత్రి భాగమంతా ఊరికీ ఊరికీ మధ్య బాటల మీద ఉండేలా చూసుకోండి. రిజర్వు ఫారెస్టులోకి చీకటి పడ్డాక వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, కాబట్టి అనంతగిరి అడవి పగటి భాగంలోనే అయిపోవాలి.

ప్రశ్న: వాన పడితే?
– వికారాబాద్ పాఠకుడు

జవాబు: అనంతగిరి ఎర్రమట్టి త్వరగా ఆరుతుంది. తాండూరు రేగడి ఆరదు. టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. అప్పుడు పెడల్ గట్టిగా తొక్కితే వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) చువ్వల్లోకి పోయి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. దిగి, పుల్లతో గీకి, ఎత్తుకుని గట్టెక్కండి. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి, తెగిన చైనును కలపడానికి మీ చైనుకు తగ్గ క్విక్‌లింక్ రెండు సంచీలో ఉండాలి.

ప్రశ్న: ముందు ఎంత సాధన చేయాలి?
– నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: వారానికి మూడు రైడ్ల చొప్పున పది వారాలు. మూడు వారాల ముందు ఒక శనివారం రాత్రి, సామానంతా కట్టి, 60 కి.మీ. మట్టిదారిలో వెళ్లిరండి. మధ్యలో కావాలనే ఆగి, హెల్మెట్ లైటు వెలుగులో టైరు విప్పి ట్యూబు వేయండి. ఇరవై నిమిషాలు దాటితే ఇంటి దగ్గర మళ్లీ మళ్లీ చేయండి. అరకిలోమీటరు ఎక్కుడు సైకిల్‌ను నెట్టుకుంటూ నడవండి. అడుగు నున్నగా ఉన్న షూ అక్కడే దొరికిపోతుంది. చేతివేళ్లు తిమ్మిరెక్కితే హ్యాండిల్ ఒక సెంటీమీటరు పైకి లేపండి. ఇల్లు చేరాక కడగకముందే ప్రతి బోల్టూ తిప్పి చూడండి. బాటిల్ కేజ్, రాక్ బోల్టులు వదులయ్యే ఉంటాయి. వాటికి నీలం రంగు థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక్కో చుక్క వేసి బిగించి, ఒక రోజు ఆరనివ్వండి.